ఆరు లక్షల వాచీలో ఏముంది? మా బావ అడిగిన ప్రశ్నకి నా లెక్క

ఈసారి పోస్టు మందుల గురించి కాదు, నున్న మార్కెట్ రేట్ల గురించి కూడా కాదు. చేతి వాచీ గురించి. నవ్వకండి. తిరిగి తిరిగి అది మామిడి తోట దగ్గరికే వచ్చి ఆగుతుంది. కొంచెం పెద్ద పోస్టే, పొద్దున్నే టీ తాగుతూ చదవండి.

పోయిన వారం మా బావ, అంటే మా అక్క భర్త, ఇంటికొచ్చారు. మా మేనకోడలికి సంబంధం కుదిరింది, ఆ సంగతి మన ఊళ్ళో చాలామందికి తెలుసు. అబ్బాయి హైదరాబాద్‌లో ఉద్యోగం, మంచివాడే. కట్నం వద్దన్నారు. ఆ మాట విని చుట్టాలంతా మెచ్చుకున్నాం. తాంబూలాలు పుచ్చుకున్న నాలుగు రోజులకి అబ్బాయి నాన్నగారు ఫోన్ చేసి, "కట్నం మాకొద్దు బావగారూ, పెళ్లికొడుక్కి వాచీ మాత్రం కాస్త మంచిది పెట్టండి" అన్నారంట. మంచిదంటే మా బావ ఏ పదివేలదో పాతికవేలదో అనుకున్నారు. సాయంత్రానికి వాట్సాప్‌లో ఫోటో వచ్చింది. రోలెక్స్. కనుక్కుంటే ఆరు లక్షలు.

బావకి నూజివీడు రోడ్డులో ఎనిమిదెకరాల తోట ఉంది. ఐదు బంగినపల్లి, మూడు కలెక్టర్. ఇంకా పూత కూడా రాలేదు. ఎప్పుడూ సొంతంగా చేసుకునే మనిషి, ఇప్పుడు రెండేళ్లకి కలిపి గుత్తకిచ్చేసి ఆ డబ్బు ముందే తీసుకుందామని చూస్తున్నారు. ఒక వ్యాపారి వచ్చి చెట్లు చూసి కూడా వెళ్లాడు.

"ఏమయ్యా, నువ్వు రాత్రుళ్ళు ఫోన్లో అన్నీ చదువుతావుగా. అసలు ఆ డబ్బుకి ఆ వాచీలో ఏముంది? నిజంగా అంత సరుకు ఉందంటే ఇచ్చేస్తా, ఆడపిల్ల తండ్రిని. లేదంటే లేదని చెప్పు" అన్నారు.

నాకు వాచీల గురించి ఏం తెలుసు? మా నాన్న హెచ్‌ఎంటీ జనతా ఒకటి బీరువాలో ఉంది. నా చేతికి టైటాన్ ఉంది, మందు కొట్టే రోజు అది కూడా తీసేస్తాను. మామిడి సొన పడితే తోలు బెల్టు ఏమవుతుందో మీకు తెలిసిందే. సరే, అడిగారు కదా అని వారం రోజులు చదివాను, తెలిసినవాళ్ళని అడిగాను. బావకి చెప్పిందే ఇక్కడ రాస్తున్నా. రేపు మీ ఇంటికీ ఈ ఫోటో రావచ్చు.

ముందు టైం సంగతి. వాచీ పని అదే కదా.

మన చేతులకుండే వాచీల్లో ఎక్కువ శాతం సెల్ వేసేవి. లోపల చిన్న క్వార్ట్జ్ ముక్క ఉంటుంది, సెల్ కరెంటుకి అది సెకనుకి 32,768 సార్లు అదురుతుంది. ఆ అదురుల్ని లెక్కపెట్టి ముల్లు కదులుతుంది. అందుకే మామూలు క్వార్ట్జ్ వాచీకి నెలకి పదిహేను సెకన్లకి మించి తేడా రాదు. ఆ ఆరు లక్షల వాచీలో సెల్ ఉండదు. స్ప్రింగు, పళ్ళ చక్రాలు, ఊగే చిన్న చక్రం, అంతా మెకానికల్. చెయ్యి కదిలితే దానికదే కీ ఎక్కుతుంది. స్విట్జర్లాండ్‌లో మంచి మెకానికల్ వాచీకి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ ఒకటుంది. దాని పరీక్ష పాసవ్వాలంటే వాచీ రోజుకి సగటున నాలుగు సెకన్లు వెనక, ఆరు సెకన్లు ముందు, ఈ లోపల ఉండాలి. రోలెక్స్ వాళ్ళు ఇంకా గట్టిగా, రోజుకి రెండు సెకన్లు అటూ ఇటూ అంటారు. అంటే నెలకి నిమిషం. చక్రాలతో నడిచే మిషనుకి అది గొప్పే, నేను కాదనను. కానీ టైం చూసుకోడానికైతే రెండు వేల లోపు దొరికే క్యాసియో ఆ ఆరు లక్షల దానికన్నా కరెక్టు. జేబులో ఫోను రెండిటికన్నా కరెక్టు.

ఇది ఇప్పుడు వచ్చిన సంగతేం కాదు. 1969 డిసెంబర్ 25న జపాన్‌లో సీకో కంపెనీ మొదటి క్వార్ట్జ్ చేతి వాచీ అమ్మకానికి పెట్టింది. అప్పుడు దాని ధర నాలుగున్నర లక్షల యెన్‌లు, ఆ రోజుల్లో ఒక చిన్న కారు ధర. మొదట్లో సెల్ వాచీయే గొప్పోళ్ళ సరుకు! పదేళ్ళు తిరిగేసరికి అది చౌకైపోయింది, స్విట్జర్లాండ్‌లో వాచీ ఫ్యాక్టరీలు వందల్లో మూతబడ్డాయి, వేలమంది పని పోయింది. మిగిలినవాళ్ళకి ఒకటి అర్థమైంది: టైం అమ్మితే జపాన్‌తో నెగ్గలేం. అందుకని టైం అమ్మడం మానేసి హోదా అమ్మడం మొదలెట్టారు. ఇక్కడ నుంచి కథంతా అదే.

మన దగ్గర వాచీ కథ వేరు. 1961లో బెంగళూరులో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో హెచ్‌ఎంటీ వాచీ ఫ్యాక్టరీ పెట్టారు. ప్రభుత్వానిది. జనతా, పైలట్, కోహినూర్, ఇవన్నీ పెద్దవాళ్ళకి గుర్తుంటాయి. (అదే 1961లో వరకట్న నిషేధ చట్టం కూడా వచ్చింది. అప్పట్నుంచి ఇప్పటిదాకా మన పెళ్ళిళ్ళలో రెండూ పక్కపక్కనే ఉన్నాయి, ఒకటి కాగితం మీద, ఒకటి చేతి మీద.) వాచీ, సైకిలు, రేడియో, ఈ మూడూ పెడితే మా నాన్నల కాలంలో అల్లుడు గట్టోడు కింద లెక్క.

మా నాన్నకి ఆ జనతా 1978లో వచ్చింది, మా తాతయ్య పెట్టింది. నూట పాతిక అయిందని మా అమ్మ ఇప్పటికీ చెప్తుంది. ఆ ఏడాది ధాన్యం మద్దతు ధర క్వింటాలుకి 85 రూపాయలు. అంటే క్వింటాలున్నర, మన డెబ్భై ఐదు కేజీల లెక్కలో రెండు బస్తాలు. 2025-26లో మద్దతు ధర 2,369. అదే రెండు బస్తాలకి మూడున్నర వేలు వస్తాయి. ఆ డబ్బుతో ఇవాళ మంచి టైటాన్ వస్తుంది. నేను ఈ లెక్క వేసి కాసేపు అలా కూర్చుండిపోయాను. దాదాపు యాభై ఏళ్ళలో టైం చూసుకునే వాచీ ధర మారలేదండి. అప్పుడూ రెండు బస్తాలే, ఇప్పుడూ రెండు బస్తాలే.

మరి ఫోటోలో ఉన్న వాచీ? 2,369 లెక్కన ఆరు లక్షలంటే 253 క్వింటాళ్ళు. 338 బస్తాలు. ఎకరానికి ముప్పై బస్తాలు పండినా పదకొండు ఎకరాల పంట, ఖర్చులు తియ్యకుండా. మామిడిలో చెప్పమంటారా? 2025లో చిత్తూరు జిల్లాలో తోతాపురి, మన కలెక్టరే, ధర పడిపోయి రైతులు రోడ్డెక్కితే, ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4 కలిపి కేజీకి 12 రూపాయలు ఇస్తామన్నారు. ఆ పన్నెండు లెక్కన ఆరు లక్షలకి యాభై టన్నుల కాయ. పది టన్నుల లారీలు ఐదు. ఐదు లారీల మామిడి ఒక మనిషి మణికట్టు మీద.

"అయితే ఏమీ లేదంటావా అందులో?" అన్నారు బావ. అలా అంటే అబద్ధమవుతుంది. ఉంది. చెప్తాను.

స్టీలు మంచిది. అద్దం సఫైర్, గీత పడదు. నీళ్ళు దూరవు. సరిగ్గా చూసుకుంటే యాభై ఏళ్ళు నడుస్తుంది, ప్రతి ముక్కా విప్పి బాగుచెయ్యొచ్చు. స్మార్ట్ వాచీ నాలుగేళ్ళకి చెత్తబుట్టలోకి పోతుంది, ఇది పోదు. మా నాన్న జనతాకి కూడా ఆ గుణం ఉంది, కీ ఇస్తే ఇప్పటికీ నడుస్తుంది. చేతిపనికి విలువ ఇవ్వాలంటే నేను ముందుంటాను. మన నూజివీడులో పనస చెక్కతో వీణ చేసేవాళ్ళు ఉన్నారు కదా, ఒక వీణ వెనక ఎన్ని వారాల పని ఉంటుందో ఒకసారి వెళ్ళి చూడండి. అది ఫ్యాక్టరీ సరుకు ధరకి అడిగేవాడు సంగీతం తెలియనివాడు. వాచీల్లో కూడా అలాంటివాళ్ళు ఉన్నారు. ఫిలిప్ డ్యుఫోర్ అని స్విట్జర్లాండ్‌లో ఒక పెద్దాయన, తన వర్క్‌షాపులో కూర్చుని ఒక్కో చక్రం అంచు చేత్తో రుద్ది నున్న చేస్తాడు. ఆయన సింప్లిసిటీ అనే మోడల్ అన్నేళ్ళలో రెండొందల చిల్లర మాత్రమే చేశాడు. ఆ ధర నేను అర్థం చేసుకోగలను.

కానీ రోలెక్స్ అలా కాదు. కంపెనీ లెక్క బయటపెట్టదు గానీ ఏడాదికి దాదాపు పది లక్షల వాచీలు చేస్తుందని అంచనా. పెద్ద పెద్ద ఫ్యాక్టరీలు, మిషన్లు, అంతా పక్కాగా. తప్పేం లేదు, మంచి సరుకే. కానీ ఏడాదికి పది లక్షలు చేసే సరుకుని చేతిపని అనుకుని డబ్బు కట్టొద్దు.

ఇక "స్విస్ మేడ్" అని డయల్ కింద చిన్న అక్షరాలు ఉంటాయి చూశారా, దానికి 2017 నుంచి ఉన్న నిబంధన ఏంటంటే, తయారీ ఖర్చులో కనీసం 60 శాతం స్విట్జర్లాండ్‌లో జరగాలి. మిగతా నలభై ఎక్కడైనా చేయించుకోవచ్చు. ఇది అన్ని కంపెనీలకీ ఉన్న నియమం, ఎవరెంత బయట చేయిస్తారో వాళ్ళిష్టం. మన బంగినపల్లికి కూడా 2017లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. నలభై శాతం వేరే కాయ కలిపి బంగినపల్లి అని అమ్మితే ఏమంటారో మీరే చెప్పండి.

పన్నులు కూడా చూడాలి. వాచీ మీద జీఎస్టీ 18 శాతం. ఆరు లక్షల బిల్లులో తొంభై వేల పైన అదే పోతుంది. దానికి ముందు దిగుమతి సుంకం ఉంది. స్విట్జర్లాండ్‌తో కుదిరిన ఒప్పందం 2025 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది, సుంకం ఏడాదికి కొంత చొప్పున తగ్గుకుంటూ వస్తుంది. పది లక్షలు దాటిన వాచీ కొంటే 2025 ఏప్రిల్ నుంచి షాపువాడే ఒక శాతం పన్ను వసూలు చేసి మీ పాన్ నంబరు మీద కడతాడు. అంటే ఆదాయపు పన్నువాళ్ళకి కూడా ఆ వాచీ కనిపిస్తుంది. ఊరికి చూపించుకోడానికి కొన్నది ఢిల్లీకి కూడా కనిపిస్తుంది, బానే ఉంది.

ఖర్చు కొనడంతో ఆగదు. లోపల ఆయిల్ ఎండిపోతుంది, కొన్నేళ్ళకోసారి విప్పి కడగాలి. మన ఇంజనుకి ఆయిల్ మార్చినట్టే. కాకపోతే బీసెంట్ రోడ్డులో గాజు పెట్టెలో కూర్చునే మెకానిక్ చేత చేయించకూడదు, కంపెనీకే పంపాలి. ఆ ఒక్క సర్వీసు డబ్బుతో మంచి టైటాన్లు నాలుగైదు వస్తాయి.

ఇప్పుడు అసలు ప్రశ్న. సరుకు కొంతే అయితే, మిగతా డబ్బు దేనికి? పేరుకి.

పేరు అనగానే మనం వెటకారం చేస్తాం. చెయ్యకూడదు. పేరు లేకపోతే మన పరిస్థితి ఏంటో ఆలోచించండి. హైదరాబాద్‌లో బండి మీద "నూజివీడు రసాలు" అని రాసుంటేనే నలుగురు ఆగుతారు. ఆ చిన్నరసం ఎక్కడిదైనా కావచ్చు, ధర మాత్రం నూజివీడు అన్న మాటకి. పేరుకి డబ్బు ఇవ్వడం తప్పైతే మన కాయకి ఎక్కువ ధర అడగడం కూడా తప్పే. నేను అడగాలనుకునేది వేరే: ఆ పేరు ఎలా పుట్టింది, ఆ పేరు మీద వచ్చే డబ్బు ఎవరికి పోతోంది?

రోలెక్స్ పేరు ఎలా పుట్టిందో చదివితే ముచ్చటేసింది. 1926లో వాళ్ళు నీళ్ళు దూరని వాచీ చేశారు, ఆయిస్టర్ అని. జనం నమ్మలేదు. మరుసటి ఏడు మెర్సిడిస్ గ్లైట్జ్ అనే ఇంగ్లండు అమ్మాయి ఇంగ్లిష్ చానల్ ఈదటానికి దిగితే ఆమెతో ఆ వాచీ పంపించారు. చలికి ఆ రోజు ఆమె ఈత పూర్తి చెయ్యలేకపోయింది. వాచీ మాత్రం గంటల తరబడి నీళ్ళలో ఉండి కూడా ఆగలేదు. కంపెనీ పెట్టిన హాన్స్ విల్స్‌డార్ఫ్ ఆ సంగతిని లండన్ పేపర్లో మొదటి పేజీ మొత్తం ప్రకటన వేయించాడు. పని చేసి చూపించాడు, చూపించింది ఊరంతా చెప్పాడు. వందేళ్ళుగా అదే చేస్తున్నారు. మన రసాల గురించి అలా ఎవరైనా ఒక్క పేజీ వేయించారా ఎప్పుడైనా?

పేరు మీద డబ్బు ఎవరికి పోతుందో చెప్పాలంటే మళ్ళీ హెచ్‌ఎంటీ దగ్గరికే రావాలి, కానీ ఈసారి వాచీ కాదు, బియ్యం. హెచ్‌ఎంటీ బియ్యం తినని ఇల్లు మన రాష్ట్రాల్లో తక్కువ. ఆ పేరు ఎలా వచ్చిందో తెలుసా? మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లా, నాందేడ్ అనే పల్లె (పెద్ద నాందేడ్ కాదు). అక్కడ దాదాజీ ఖోబ్రగడే అని ఎకరంన్నర రైతు. 1983లో పటేల్-3 అనే రకం చేలో కొన్ని కంకులు తేడాగా కనిపిస్తే ఏరి పక్కన పెట్టుకున్నాడు. ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ వేసి సన్న రకం ఒకటి నిలబెట్టాడు. అది మార్కెట్‌కి వస్తే ఒక వ్యాపారి, అప్పట్లో బాగా పేరున్న వాచీ కదా అని, దానికి హెచ్‌ఎంటీ అని పేరు పెట్టాడు. అంతే. వాచీ పేరు బియ్యానికి వచ్చింది. తర్వాత అక్కడి వ్యవసాయ విశ్వవిద్యాలయం పీకేవీ-హెచ్‌ఎంటీ అని విడుదల చేసింది. మిల్లర్లు, విత్తన వ్యాపారులు, షాపులు, అందరూ ఆ పేరు మీద సంపాదించారు. దాదాజీ 2018లో పోయేనాటికి వైద్యం ఖర్చులకి కూడా ఇబ్బంది పడ్డాడు. ఇక ఆ పేరు ఇచ్చిన వాచీ ఫ్యాక్టరీని మూసెయ్యాలని 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. వాచీ పోయింది, రైతు పోయాడు, పేరు మాత్రం పాతిక కేజీల సంచి మీద ఇంకా బతికే ఉంది.

మనవాళ్ళు వాచీలు చెయ్యలేక కాదు. హైదరాబాద్ ఆల్విన్ 1980లలో సీకో సాయంతో వాచీలు చేసింది, అదీ లేదు ఇప్పుడు. హోసూరులో టైటాన్ ఉంది, తమిళనాడే అయినా సగం తెలుగు మాట్లాడే ఊరు. టాటాలూ తమిళనాడు ప్రభుత్వ సంస్థా కలిసి పెట్టింది. 2002లో వాళ్ళు ఎడ్జ్ అని వాచీ తెచ్చారు, మొత్తం మందం మూడున్నర మిల్లీమీటర్లు, లోపలి మిషను 1.15 మిల్లీమీటర్లు. అంత పల్చని మిషను చెయ్యడం మామూలు పని కాదు. కానీ అది పెళ్లిలో పెడితే పెళ్లికొడుకు తండ్రి ఫోటో తీసి ఎవరికీ పంపడు. ఎందుకంటే దాని ధర అందరికీ తెలుసు, అందరూ కొనగలరు. ఖరీదైన వాచీలో కొనేది సరిగ్గా ఇదే: పక్కవాడు కొనలేడు అనే సంగతి.

"అమ్ముకుంటే డబ్బు తిరిగొస్తుందంట కదా? అబ్బాయి నాన్న బంగారంతో సమానం అన్నాడు" అన్నారు బావ.

ఇది జాగ్రత్తగా వినాలి. కొన్ని మోడళ్ళు నిజంగానే షాపు ధర కన్నా ఎక్కువకి చేతులు మారాయి. షాపుకెళితే దొరకవు, పేరు రాసుకుని ఎదురుచూడమంటారు. కరోనా తర్వాత ఆ పిచ్చి ముదిరి 2022 మొదట్లో పాత వాచీల ధరలు కొండెక్కాయి. ఆ తర్వాత దిగాయి. పైన కొన్నవాడు పైనే ఉండిపోయాడు. మనకి ఇది కొత్తా? మిర్చి ఒక ఏడు పలికిందని మరుసటి ఏడు అందరం వేస్తే ఏమైందో చూశాంగా. ఆ నాలుగైదు మోడళ్ళు తప్పిస్తే మిగతా ఖరీదైన వాచీలు చాలావరకు షాపు గడప దాటగానే ధర పడిపోతాయి, కొత్త ట్రాక్టరు లాగానే. ట్రాక్టరు దుక్కి అన్నా దున్నుతుంది.

అమెరికాలో పాల్ న్యూమన్ అనే సినిమా హీరో పెట్టుకున్న రోలెక్స్ 2017 అక్టోబర్‌లో న్యూయార్క్ వేలంలో కోటీ డెబ్భై ఏడు లక్షల డాలర్లకి పోయింది. యూట్యూబ్‌లో ఆ వీడియో చూసి చాలామంది మా వాచీ కూడా పెరుగుతుందనుకుంటారు. ఆ వాచీ ఆయన భార్య కొనిచ్చింది. కార్ల పందేలకి వెళ్ళేవాడు కాబట్టి, జాగ్రత్తగా నడుపు అని వెనక చెక్కించి ఇచ్చింది. కొన్నప్పుడు కొన్ని వందల డాలర్లు. ఆ కోట్లు వాచీకి రాలేదు, ఆ మనిషికి వచ్చాయి. మన పెళ్లికొడుకు బాగున్నాడు గానీ పాల్ న్యూమన్ కాదు.

ఇక బంగారంతో పోలిక. ఆరు లక్షలకి ఈ రేట్లలో కూడా కొన్ని కాసులు వస్తాయి. అవి మా మేనకోడలి పేరు మీద, ఆమె మెడలో ఉంటాయి. రేపు అవసరమైతే బ్యాంకుకి పట్టుకెళితే గంటలో అప్పు పుడుతుంది. మనలో ఎంతమంది మొదటి పిచికారీ ఆడవాళ్ళ గాజుల మీద కొట్టామో మనకి తెలుసు. స్టీలు వాచీ పట్టుకుని బ్యాంకుకి వెళ్ళి చూడండి, మేనేజర్ టైం ఎంతైందని అడుగుతాడు తప్ప అప్పు ఇవ్వడు. బంగారం వాచీ అయినా అందులో ఉండేది 18 క్యారెట్లే, వందకి డెబ్భై ఐదు పాళ్ళు. మన ఆడవాళ్ళు 916 తప్ప ముట్టుకోరు. ఆ వాచీ కూడా పిల్లది కాదు, అబ్బాయిది.

ఇవన్నీ చెప్పాక కూడా నా అభిప్రాయం ఇదీ: సొంత సంపాదన మిగిలి, ఇష్టపడి కొనుక్కునేవాడికి ఆ వాచీ దండగ కాదు. మన పిల్లలు అమెరికాలో పదేళ్ళు కష్టపడి ఒకటి కొనుక్కుని ఊరికొస్తే, చూసి సంతోషించండి, వెటకారం వద్దు. మనం మాత్రం ఎద్దుల పందేలకి ఎద్దుల జత ఎంత పెట్టి కొనలేదు? ఆ ఎద్దులు అరక కట్టాయా? ఇష్టానికి లెక్క ఉండదు. కానీ ఇష్టం ఒకరిది, డబ్బు ఇంకొకరిది అయినప్పుడు లెక్క ఉంటుంది. ఉండాలి.

మా బావ విషయంలో లెక్క ఆరు లక్షలతో ఆగదు. ఇదే నన్ను రాత్రి నిద్రపోనివ్వలేదు. పూత రాకముందే ఇచ్చే గుత్త ఎప్పుడూ తక్కువకే పోతుంది, వ్యాపారి రిస్కు మొత్తం ముందే కోసుకుంటాడు. పైగా రెండేళ్ళు. రెండేళ్ళ గుత్తదారుకి చెట్టు మీద ప్రేమ ఎందుకుంటుంది? రెండు కాపులు గట్టిగా రావాలి, అంతే. పాక్లోబ్యూట్రజాల్, మనం కల్టార్ అంటాం కదా, అది మోతాదు మించి మొదళ్ళలో పోస్తే పూత విరగబూస్తుంది. తర్వాత కొమ్మ కురచబడి, చెట్టు ముడుచుకుపోయి, కోలుకోడానికి ఏళ్ళు పడుతుంది. ఇలా పాడైన తోటలు మన చుట్టుపక్కల ఎన్ని లేవు? అందరు గుత్తదారులూ అలాంటివాళ్ళు కాదు, కానీ ఎవడు ఎలాంటివాడో మూడో ఏడు గానీ తెలియదు. ముప్పై ఏళ్ళ చెట్లు అవి. మా అక్క కాపురానికి వచ్చిన కొత్తలో బిందెలతో నీళ్ళు పోసి బతికించినవి.

బావ అంతా విని, "నువ్వు చెప్పింది నిజమేనయ్యా. కానీ వాళ్ళు అడిగినప్పుడు నేను ఊఁ అన్నాను" అన్నారు. ఆ మాటకి నా దగ్గర సమాధానం లేదు. నోటి మాట విలువ మన దగ్గర ఎంతో మీకు తెలుసు. ఇంకో సంగతి. మా మేనకోడలికి ఇదంతా తెలియదు అనుకున్నాం. నిన్న రాత్రి ఫోన్ చేసి, "మావయ్యా, ఆయన రోజూ పెట్టుకునేది రెండు వేల స్మార్ట్ వాచీ. ఈ ఫోటో సంగతి ఆయనకే తెలియదు. నేను అడిగేశాను" అంది. అంటే కోరిక అబ్బాయిది కూడా కాదు. అబ్బాయి నాన్నగారికి ఎవరో తోటి ఉద్యోగి ఇంట్లో పెళ్లికి చూసిన వాచీ అది.

ఆదివారం బావ, నేను గుడివాడ వెళ్తున్నాం, వాళ్ళింటికి. పెళ్లి ఫాల్గుణంలో. గొడవ పెట్టుకోడానికి కాదు. వాచీ పెడతాం, టైటాన్‌లో మంచిది, అల్లుడే వచ్చి నచ్చింది తీసుకోవచ్చు. పెద్దాయన ఇంకా ఆ ఫోటోయే కావాలంటే, ఈ బస్తాల లెక్క, లారీల లెక్క కాగితం మీద రాసి చూపిస్తాను. ఆయనా రైతు బిడ్డే, ఇప్పటికీ నాలుగెకరాల మాగాణి ఉంది. నాకు నమ్మకం ఉంది. ఏం జరిగిందో సోమవారం రాస్తాను.

ఈలోపు నాకొక సాయం చెయ్యండి. మీలో ఎవరైనా ఈ రెండు మూడేళ్ళలో బంగినపల్లి గానీ కలెక్టర్ గానీ గుత్తకిచ్చి ఉంటే, ఎకరానికి ఎంతకిచ్చారు, పూతకి ముందా పిందె మీదా, ఒక ఏడాదికా రెండేళ్ళకా, తర్వాత చెట్టు ఎలా ఉందో కింద రాయండి. ఊరు పేరు చాలు, మనిషి పేరు వద్దు. శనివారం సాయంత్రానికల్లా అవన్నీ బావకి చదివి వినిపించాలి. ఆ వ్యాపారి మళ్ళీ సోమవారం వస్తానన్నాడు.